చూపు లేనివారికి స్మార్ట్‌ఫోను నేర్పడం ఎలా? ఇంట్లోవారి కోసం టాక్‌బ్యాక్ శిక్షణ, మొదటి రోజు నుంచి

"మా నాన్నగారికి చూపు పోయింది, ఫోను వాడటం నేర్పుతారా?" అని అడిగేవారు విజయవాడలో నాకు వారానికి ఇద్దరైనా తగులుతారు. అందరి ఇళ్లకూ వెళ్లడం నా వల్ల కాదు. వెళ్లనవసరం కూడా లేదు. ఇంట్లో ఓపిక ఉన్న మనిషి ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరి కోసమే ఇది రాస్తున్నాను.

ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. విడిగా కొనక్కర్లేదు. తెర మీద వేలు ఎక్కడ ఉంటే అక్కడ ఏముందో పైకి చదువుతుంది. దీన్ని ఆన్ చేయగానే ఫోను నడవడికే మారిపోతుంది. ఒకసారి తడితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. చూపున్నవారి అలవాట్లేవీ అక్కడ పనిచేయవు. అందుకే నేర్చుకునేవారికన్నా నేర్పేవారే ముందు తడబడతారు.

నా లెక్కలో మొత్తం పన్నెండు తరగతులు, ఒక్కొక్కటి నలభై నిమిషాలు, రోజు విడిచి రోజు. అంతకు మించి కూర్చోబెడితే చెవులు అలసిపోతాయి. వినడం కూడా కష్టమైన పనేనని చూపున్నవారికి తొందరగా తట్టదు.

1. ముందు మీరు నేర్చుకోండి

నేర్పబోయే మనిషి కనీసం మూడు రోజులు తన సొంత ఫోనును టాక్‌బ్యాక్‌తోనే వాడాలి. కళ్లు మూసుకుంటే చాలదు, మధ్యలో ఒక కన్ను దానంతటదే తెరుచుకుంటుంది. ఫోను మీద తువ్వాలు కప్పి, దాని కింద చెయ్యి పెట్టి వాడండి.

ఆన్ చేసేముందు ఆఫ్ చేయడం తెలుసుకోండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్, అక్కడే షార్ట్‌కట్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, ధ్వని పెంచే, తగ్గించే మీటలు రెండింటినీ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ మొదలవుతుంది. మళ్లీ అలాగే నొక్కితే ఆగుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక "ఫోను పాడైపోయింది" అంటూ రిపేరు దుకాణానికి పరుగెత్తిన ఇళ్లు నేను చాలా చూశాను.

మూడో రోజు సాయంత్రానికి తువ్వాలు కింద ఇవి చేయగలగాలి:

- ఒకరికి ఫోను చేయడం, వచ్చిన ఫోను ఎత్తడం, పెట్టేయడం
- తెలుగులో వచ్చిన ఒక సందేశాన్ని చివరిదాకా వినడం
- వాట్సాప్‌లో గొంతు సందేశం పంపడం
- ఉదయం ఆరు గంటలకు అలారం పెట్టడం
- దారి తప్పినప్పుడు మొదటి తెరకు రావడం

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. తప్పిపోవడం ఎలాగూ జరుగుతుంది. తిరిగి రావడం చేతనైతే భయం ఉండదు.

2. నేర్చుకునే మనిషి గురించి నాలుగు ప్రశ్నలు

ఫోను ముట్టుకునే ముందు పావుగంట మాట్లాడండి.

ఏమైనా కనిపిస్తుందా? చాలామంది "చూపు లేదు" అన్నా కొంత చూపు మిగిలే ఉంటుంది. పెద్ద అక్షరాలు పోల్చుకోగలిగితే టాక్‌బ్యాక్ కన్నా ముందు అక్షరాల పరిమాణం పెంచి చూడండి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టండి. మాగ్నిఫికేషన్ ఆన్ చేసి తెరను పెద్దది చేసి చూపండి. దానితో పని జరిగిపోతే అంతవరకే చాలు. చూపు రానురాను తగ్గేదని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం, కొంత కనిపిస్తున్నప్పుడే టాక్‌బ్యాక్ మొదలుపెట్టడం తేలిక.

వేలి కొసలకు స్పర్శ ఎలా ఉంది? మధుమేహం వల్ల చూపు తగ్గినవారిలో కొందరికి వేళ్లు మొద్దుబారి ఉంటాయి. చెయ్యి వణికేవారూ ఉంటారు. వారికి తట్టిన వేలిని వెంటనే ఎత్తడం కుదరదు. యాక్సెసిబిలిటీలోనే తాకి పట్టుకునే సమయాన్ని పెంచే సెట్టింగు ఉంది. ముందే సరిచేయండి.

వినికిడి సరిగ్గా ఉందా? ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని, మీరు ఆ పక్కన కూర్చోండి.

ఇక నాలుగోది: ఫోనుతో ఆయనకు ఏం కావాలి? మీకేం కావాలన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి చూపు పోగొట్టుకున్న ఒకాయనకు కొడుకు పట్టుబట్టి వీడియో కాల్ నేర్పించబోయాడు. ఆయన వారంలో విసిగిపోయి ఫోను పక్కన పెట్టేశారు. పాత మిత్రులు పంపే ఆ రోజు మిర్చి ధరల సందేశం తనంతట తాను వినాలన్నదే ఆయన కోరిక. అక్కడి నుంచి మొదలుపెడితే రెండు వారాల్లో ఫోను ఆయన చేతికి లొంగింది. వీడియో కాల్ తర్వాత ఆయనే అడిగి నేర్చుకున్నారు.

3. ఫోనును సిద్ధం చేయడం

ఈ పని ముందు రోజే ముగించాలి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సెట్టింగ్స్ వెతకడం మొదలుపెడితే మొదటి తరగతి అక్కడే పాడవుతుంది. తయారీ కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూఇటూగా ఉంటాయి, వెతికితే దొరుకుతాయి.

తెలుగు గొంతు: యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ టు స్పీచ్ అన్నచోట గూగుల్ ఇంజను ఎంచుకుని, తెలుగు గొంతును డౌన్‌లోడ్ చేయండి. ఇంగ్లీషు గొంతు మాత్రమే ఉంటే తెలుగు సందేశం వచ్చినప్పుడు ఫోను మౌనంగా ఉండిపోతుంది, లేదా అర్థం కాని గోల చేస్తుంది. తెలుగు గొంతు మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలను కూడా తన యాసలో చదువుకుపోతుంది.

ఫోను భాష: ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నాలుగు ఇంగ్లీషు మాటలు తెలిసినవారికైనా ఫోను భాషను ఇంగ్లీషులోనే ఉంచి, గొంతు మాత్రం తెలుగుది పెడతాను. ఫోనులోని తెలుగు అనువాదాలు కొన్ని అంత బాగుండవు. పైగా రేపు ఎక్కడో చిక్కుకుపోయి ఎవరినైనా అడిగితే, వాళ్లు "బ్యాక్ నొక్కండి, సెట్టింగ్స్‌కి వెళ్లండి" అనే చెబుతారు. ఇంగ్లీషు బొత్తిగా రానివారికి మాత్రం భాష కూడా తెలుగే.

కింది మీటలు: వెనక్కి, మొదటి తెర, ఇటీవల తెరిచినవి అనే మూడు మీటలు తెర అడుగున కనిపించే పద్ధతిని పెట్టండి. తెర అంచుల నుంచి వేలు లాగే కొత్త పద్ధతి టాక్‌బ్యాక్‌తో కలిస్తే కొత్తవారికి నరకం.

మిగిలినవి వరసగా:

- మొదటి తెర మీద ఆరే ఆరు బొమ్మలు: ఫోను, పేర్లు, సందేశాలు, వాట్సాప్, గడియారం, కెమెరా. మిగతావన్నీ అక్కడి నుంచి తీసేయండి.
- అన్నీ పై వరసల్లో, ఎప్పటికీ మారని చోట పెట్టండి.
- తెర దానంతటది అడ్డంగా తిరగకుండా ఆపండి.
- తాళానికి గీత గీసే పద్ధతి వద్దు. వేలిముద్ర, దానికి తోడు అంకెల పిన్ పెట్టండి.
- తాళం తెర మీద రోజుకో బొమ్మ, ప్రకటన చూపే సదుపాయం ఉంటే ఆపేయండి.
- పవర్ మీట నొక్కితే ఫోను కాల్ ముగిసేలా పెట్టండి. యాక్సెసిబిలిటీలో ఉంటుంది.
- తెర ఆరిపోయే సమయాన్ని రెండు నిమిషాలకు పెంచండి.
- వాట్సాప్ గుంపులన్నిటినీ మౌనంలో పెట్టండి. తెల్లవారుజామున వచ్చే నలభై శుభోదయాలను టాక్‌బ్యాక్ వరసగా ప్రకటిస్తుంటే ఎవరికైనా ఫోను మీద విరక్తి పుడుతుంది.
- పగిలిన తెర రక్షణ అద్దం ఉంటే తీసేయండి. ఆ పగుళ్ల దగ్గర వేలు తడుముకుంటుంది.
- ఒక చెవికి పెట్టుకునే, తీగ ఉన్న ఇయర్‌ఫోను కొనండి. తీగ లేనివాటిలో మాట కొంచెం ఆలస్యంగా వినిపించి తికమక పెడుతుంది.

పేర్ల పట్టికను కూడా శుభ్రం చేయండి. "బాబాయి కొత్త నంబరు 2" లాంటివి వినేవారికి అర్థం కావు. మనిషి ఇంట్లో ఎవరిని ఎలా పిలుస్తారో అదే పేరుతో దాచండి.

4. గది, చెయ్యి, మాట

టీవీ ఆపండి. కుక్కరు కూత పెట్టే వేళ తరగతి పెట్టవద్దు. ఫోనును బల్ల మీద మడిచిన తువ్వాలు పరిచి దానిపై ఉంచండి, జారకుండా ఉంటుంది. చేతిలో పట్టుకుని వాడటం మూడో తరగతి నుంచి.

మే నెలలో విజయవాడ ఉక్కపోత గురించి చెప్పేదేముంది. చెమట పట్టిన వేలు తెర మీద జారదు, ఆగి ఆగి కదులుతుంది. దాన్ని టాక్‌బ్యాక్ మరోలా అర్థం చేసుకుంటుంది. మనిషి తనకే చేతకావడం లేదనుకుంటారు. పక్కన పొడి గుడ్డ ఉంచండి. ఎండాకాలంలో ఉదయం ఏడు గంటలకే తరగతి పెట్టుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద నియమం: వారి చేతిలోంచి ఫోను లాక్కోవద్దు. "ఇటివ్వండి, నేను చేస్తాను" అనే మాట తరగతిలో నిషేధం. తప్పు దారిలో ఎక్కడికో వెళ్లిపోయినా సరే, అక్కడి నుంచి బయటకు రావడాన్ని మాటలతోనే చెప్పండి. నా మొదటి రోజుల్లో నేనూ ఇదే తప్పు చేశాను. ఫోను తీసుకుని సరిచేసి తిరిగి ఇచ్చేవాణ్ని. అలా పది తరగతులైనా ఒక పెద్దావిడకు ఏమీ రాలేదు. నేను పని చెప్పినది నా వేళ్లకే కదా.

వేలి కదలిక చూపించాల్సి వస్తే ముందు అడగండి: "మీ అరచేతిలో గీసి చూపించనా అమ్మా?" అరచేతిలో గీస్తే వేగం, పొడవు రెండూ తెలుస్తాయి. లేదా మీ వేలు తెర మీద పెట్టి, వారి చెయ్యిని మీ చెయ్యి మీద వేసుకోమనండి. వారి వేలిని పట్టుకుని తోయడం మాత్రం వద్దు. తోసిన వేలికి దారి గుర్తుండదు.

"అక్కడ", "ఇక్కడ", "ఆ పక్కన" లాంటి మాటలు మానేయండి. "కింది అంచున, మధ్యలో" అనండి.

5. మొదటి తరగతి: మూడే కదలికలు

మొదటి పది నిమిషాలు టాక్‌బ్యాక్ ఆఫ్‌లోనే ఉండాలి. ఫోనును చేతికిచ్చి తడమనివ్వండి. పవర్ మీట, ధ్వని మీటలు, ఛార్జరు రంధ్రం, కెమెరా ఉబ్బు. ఏది పైవైపో, ఏది కిందివైపో కెమెరా ఉబ్బుతో గుర్తుపట్టడం నేర్పండి. తలకిందులుగా పట్టుకుని అరగంట కుస్తీ పట్టినవారు ఉన్నారు.

తర్వాత రెండు ధ్వని మీటలూ వారే నొక్కి టాక్‌బ్యాక్ ఆన్ చేయాలి. మొదలుపెట్టడం, ఆపడం తన చేతిలో ఉన్నాయని తెలియాలి. ఐదుసార్లు చేయించండి.

ఇక మొదటి కదలిక: ఒక వేలు తెర మీద పెట్టి ఎత్తకుండా నెమ్మదిగా తిప్పడం. చీకట్లో గోడ తడుముతూ స్విచ్ వెతికినట్టు. ఏది తగిలితే దాని పేరు వినిపిస్తుంది. ఆరు బొమ్మలూ ఎక్కడున్నాయో ఇలా తెలుసుకోనివ్వండి. తొందరపెట్టవద్దు, ఈ ఆటకే పావుగంట పోవచ్చు, పోనివ్వండి.

రెండోది: కుడివైపుకు చిటికెలో జరపడం. జపమాలలో పూసలు ఒక్కొక్కటిగా జరిపినట్టు, తెర మీద ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎడమకు జరిపితే వెనక్కి. ఇక్కడ వేగం ముఖ్యం. నెమ్మదిగా జరిపితే టాక్‌బ్యాక్ దాన్ని మొదటి రకం తడమడంగా లెక్కేస్తుంది. తెర మీద చీమను విదిలించినట్టు ఉండాలి. తెరలో ఎక్కడ జరిపినా ఫరవాలేదు, బొమ్మ మీదే చేయనక్కర్లేదు.

మూడోది: రెండుసార్లు తట్టడం. విన్నది తెరవాలంటే ఇదే. ఇది కూడా తెరలో ఎక్కడ తట్టినా సరిపోతుంది. చాలామంది నేర్పేవారికి ఈ సంగతే తెలియదు, "సరిగ్గా దాని మీదే తట్టండి" అని వేధిస్తారు. చివరగా ఏది వినిపించిందో అదే తెరుచుకుంటుంది. టక్ టక్ అని తలుపు తట్టే వేగం చాలు.

అంతే. మొదటి రోజు ఫోను కాల్ కూడా వద్దు. గడియారం తెరిచి టైము ఎంతైందో విని, కింది మధ్య మీటతో మొదటి తెరకు తిరిగి రావడంతో ముగించండి. తనంతట తాను టైము తెలుసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. రాత్రి మెలకువ వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవారిని లేపి అడిగే మనిషికి అది చిన్నది కాదు.

ఇంటికి ఇచ్చే పని: ఆరు బొమ్మల పేర్లు చెప్పి, ఒక్కొక్కటి ఎక్కడుందో చూపించాలి. ఆన్, ఆఫ్ పదిసార్లు. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లోనే కదలికలు సాధన చేసే పాఠం ఒకటి ఉంది, ఓపిక ఉంటే అది కూడా.

6. రెండు నుంచి నాలుగు తరగతులు: ఫోను కాల్

ముందు ఎత్తడం, తర్వాత చేయడం. మీరు పక్క గదిలోకి వెళ్లి కాల్ చేయండి. కొత్త టాక్‌బ్యాక్ ఉన్న ఫోన్లలో రెండు వేళ్లతో రెండుసార్లు తడితే ఫోను ఎత్తుతుంది, మాట్లాడాక మళ్లీ అలాగే తడితే పెట్టేస్తుంది. అది కుదరకపోతే కుడికి జరుపుతూ ఎత్తే మీట దగ్గర ఆగి రెండుసార్లు తట్టాలి. ముగించడానికి పవర్ మీట ఉండనే ఉంది.

మోగుతున్న ఫోనుతో పాటు టాక్‌బ్యాక్ కూడా మాట్లాడుతుంటే గాభరా పడతారు. మోత తగ్గించడానికి ధ్వని మీటను ఒకసారి నొక్కమనండి. మోత ఆగుతుంది, కాల్ పోదు.

ఫోను చేయడానికి పేర్ల పట్టికలో ఒక్కొక్కటిగా జరపనక్కర్లేదు. రెండు వేళ్లను కలిపి పైకి జరిపితే పట్టిక కదులుతుంది. ముఖ్యమైన నలుగురిని ఇష్టమైనవారి జాబితాలో పెడితే ఇంకా తేలిక. గొంతుతో "అమ్మాయికి ఫోను చెయ్" అని చెప్పే సదుపాయం నేర్పవచ్చు కానీ, ముందు చేత్తో చేయడం వచ్చాకే. నెట్ లేనప్పుడు, చుట్టూ గోలగా ఉన్నప్పుడు గొంతును నమ్ముకుంటే పని జరగదు.

ఈ తరగతుల్లోనే మరో మూడు కదలికలు చేర్చండి:

- మాట ఆపడం: రెండు వేళ్లతో ఒకసారి తట్టడం
- వెనక్కి రావడం: కిందికి జరిపి, వేలు ఎత్తకుండా ఎడమకు తిప్పడం. వడ్రంగి మూలమట్టం ఆకారం గుర్తు చేయండి, మూల దగ్గర ఆగకూడదు
- టాక్‌బ్యాక్ మెనూ: మూడు వేళ్లతో ఒకసారి తట్టడం. పాత ఫోన్లలో కిందికి జరిపి కుడికి తిప్పాలి

7. ఐదు నుంచి ఏడు: చదవడం, రాయడం

సందేశం తెరిచి జరుపుతూ వింటారు. ఒక మాట సరిగ్గా వినిపించకపోతే అక్షరం అక్షరంగా వినే పద్ధతి ఉంది. మూడు వేళ్లతో పైకి గానీ కిందికి గానీ జరిపి "అక్షరాలు" వచ్చేదాకా మార్చాలి. తర్వాత ఒక వేలితో కిందికి జరుపుతుంటే ఒక్కో అక్షరమే వినిపిస్తుంది. ఫోను నంబర్లు, గ్యాస్ బుకింగ్ సంఖ్యలు వినడానికి ఇది ప్రాణం.

రాయడానికి మాట్లాడి రాయడమే ముందు. కీబోర్డులో మైకు మీట దొరకబుచ్చుకుని, తెలుగులో చెబితే తెలుగులోనే పడుతుంది. పంపే ముందు ఒకసారి వెనక్కి విని సరిచూసుకోవడం అలవాటు చేయండి. "మందు" అంటే "ముందు" అని పడి ఇంట్లో రగడ జరిగిన సందర్భం నాకు తెలుసు.

అక్షరాల కీబోర్డు పిన్‌ల కోసం, పేర్ల కోసం తప్పదు. వేలును అక్షరాల మీద తిప్పుతూ, కావలసింది వినిపించగానే ఎత్తితే అది పడుతుంది. కొన్ని ఫోన్లలో రెండుసార్లు తట్టాలి. బ్రెయిలీ వచ్చినవారికి టాక్‌బ్యాక్‌లోనే ఆరు చుక్కల కీబోర్డు ఉంది. బడిలో బ్రెయిలీ చదువుకున్న పిల్లలు దానితో మనకన్నా వేగంగా రాస్తారు. నడివయసులో చూపు పోయినవారిని మాత్రం దాని జోలికి తీసుకెళ్లకండి.

8. ఎనిమిది, తొమ్మిది: డబ్బు, రహస్యం, మోసం

ఇక్కడ తొందర పనికిరాదు. ఫోనుతో చెల్లింపులు నేర్పేముందు ఈ మూడూ ఖాయం చేసుకోండి.

ఒకటి, పిన్ మీకు తెలియకూడదు. నేర్పేవారైనా, కన్న కొడుకైనా. పిన్ పెట్టే సమయంలో ఇయర్‌ఫోను వారి చెవిలో ఉండాలి, మీరు గది బయట ఉండాలి. సాధన కోసం ముందు తాళం తెర పిన్‌తో చేయించండి.

రెండు, టాక్‌బ్యాక్ మెనూలో తెరను దాచే సదుపాయం ఉంది. అది ఆన్ చేస్తే తెర నల్లబడుతుంది, ఫోను మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. బస్సులో పక్కవారి చూపు పడకుండా ఇది పనికొస్తుంది.

మూడు, కొన్ని బ్యాంకు యాప్‌లలో పిన్ మీటల పేర్లు సరిగ్గా వినిపించవు. మొదట రూపాయి మీకే పంపించి చూడండి. వినిపించని యాప్‌తో కుస్తీ పడవద్దు, వినిపించేది దొరికేదాకా మార్చండి. దుకాణంలో క్యూఆర్ గళ్లకు కెమెరా సరిపెట్టడం కష్టం. అక్కడి నంబరు అడిగి పంపడం తేలిక. దుకాణం పెట్టె "ఇన్ని రూపాయలు వచ్చాయి" అని పైకి చెప్పేదాకా ఆగమనండి.

చేతిలో నోట్ల సంగతి వేరు. ఇప్పటి వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, ఐదు వందలది 150. వెడల్పు మూడింటికీ 66 మిల్లీమీటర్లే. నాలుగు మిల్లీమీటర్ల తేడాను వేళ్లతో పట్టడం అందరికీ కుదరదు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి అనే యాప్ కెమెరాతో నోటు చూసి విలువ చెబుతుంది, నెట్ లేకున్నా పనిచేస్తుంది. అది దొంగనోటును మాత్రం పట్టదు. ఇంట్లో ఒకసారి గుర్తించాక ఐదు వందలను పొడవుగా, రెండు వందలను అడ్డంగా మడిచి, వందను మడవకుండా పెట్టుకునే పాత పద్ధతి ఇప్పటికీ బాగా నడుస్తుంది.

మోసాల గురించి ఒక తరగతి మొత్తం కేటాయించండి. "మీ పింఛను ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అంటూ వచ్చే కాల్‌ను మీరే నటించి చూపండి. ఫోను పెట్టేయడం సాధన చేయించండి. తెరను ఇతరులకు చూపించే యాప్‌లు ఎవరు చెప్పినా పెట్టుకోవద్దని చెప్పండి.

9. పది, పదకొండు: కెమెరా, బయటి ప్రపంచం

గూగుల్ లుకౌట్ యాప్ కెమెరా ముందున్న అక్షరాలను, వస్తువులను చెబుతుంది. బీ మై ఐస్ యాప్‌లో వీడియో కాల్ ద్వారా ఎవరో ఒక స్వచ్ఛంద సేవకులు చూసి చెబుతారు. రెండూ ఉచితం. రెండింటిలోనూ బ్యాంకు కార్డు, ఆధార్ చూపించకూడదు.

మందుల విషయంలో యాప్ మాట మీద ఆధారపడనివ్వవద్దు, తప్పు చదవగలదు. ఉదయం మందు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకు రెండు. ఇంతకన్నా నమ్మకమైన సాంకేతికత నాకింకా కనిపించలేదు.

బయట వాడటానికి ముందు ఇంటి అరుగు మీద, తర్వాత వీధిలో, ఆ తర్వాతే పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో. అక్కడి ప్రకటనల హోరులో ఫోను మాట వినిపించదు. ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టించండి, రెండో చెవి బస్సులకూ, మనుషులకూ. నడుస్తూ ఫోను వాడకూడదు. గోడ పక్కన ఆగి, విని, ఫోను జేబులో పెట్టి, అప్పుడు నడవాలి. తెల్ల కర్ర చేసే పనిని ఫోను చేయదు. కర్ర వాడటం రానివారికి బెంజ్ సర్కిల్ లాంటి కూడలి దాటడం ఏ యాప్ కూడా నేర్పలేదు.

10. తరచూ వచ్చే చిక్కులు, విరుగుళ్లు

ఫోను మాట్లాడటం లేదు: ముందు ధ్వని చూడండి. టాక్‌బ్యాక్ ధ్వని, పాటల ధ్వని వేరువేరు. మాట్లాడుతున్నప్పుడు మీట నొక్కితేనే దాని ధ్వని మారుతుంది. తెర మీద వేలు ఆడిస్తూ పెంచండి. అయినా లేకపోతే రెండు ధ్వని మీటలూ పట్టుకోండి, టాక్‌బ్యాక్ ఆగిపోయి ఉంటుంది.

తెర నల్లగా ఉంది, కానీ మాట వస్తోంది: తెరను దాచే సదుపాయం ఆన్ అయింది. పాడైంది తెర కాదు. టాక్‌బ్యాక్ మెనూలోకి వెళ్లి తెర చూపించమనండి.

రెండుసార్లు తడితే తెరుచుకోవడం లేదు: రెండో తట్టు ఆలస్యమవుతోంది, లేదా ఫోను పట్టుకున్న చేతి బొటనవేలు అంచుకు తగులుతోంది. రెండోదే ఎక్కువ. వెనుక మందపాటి కవరు వేస్తే చాలావరకు పోతుంది.

"పేరు లేని మీట" అని వినిపిస్తోంది: ఆ యాప్ తయారుచేసినవారు పేరు పెట్టలేదు. చాలా మీటలకు టాక్‌బ్యాక్ మెనూలో మనమే పేరు పెట్టవచ్చు. ఆ పని మీరు చేసిపెట్టండి.

వేగం ఎక్కువగా ఉంది: గొంతు వేగం తగ్గించండి, నెల తర్వాత మళ్లీ పెంచండి. అలవాటైనవారు ఎంత వేగంగా వింటారంటే పక్కనున్నవారికి ఒక్క మాట అర్థం కాదు.

మనవడు ఫోను తీసుకున్నాక అంతా మారిపోయింది: ఇది సాంకేతిక సమస్య కాదు. మనవడికి టాక్‌బ్యాక్ ఆపి, వాడుకుని, మళ్లీ ఆన్ చేసి ఇవ్వడం నేర్పండి. బొమ్మల చోటు మార్చకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మార్చితే ఎలాగో ఇదీ అంతే.

11. వేరే అవసరాలు ఉన్నవారికి, క్లుప్తంగా

వినికిడి లేనివారికి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ ఎదుటివారి తెలుగు మాటను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. నేర్పాల్సింది ఫోను పట్టుకోవడం కన్నా, ఎదుటివారు ఒక్కొక్కరుగా, మైకుకు దగ్గరగా మాట్లాడటం. కాబట్టి దుకాణదారుకు, బంధువులకు కూడా తరగతి కావాలి.

చేతులు కదపలేనివారికి స్విచ్ యాక్సెస్ ఉంది. ఒకే ఒక మీటతో ఫోను మొత్తం నడుస్తుంది. మీట ఎక్కడ పెట్టాలన్నది ఫిజియోథెరపిస్టుతో కలిసి తేల్చుకోండి, ఊహించి పెట్టవద్దు.

కంప్యూటర్ కావలసిన చూపు లేని విద్యార్థులకు, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కంట్రోల్ మీట నొక్కితే మాట ఆగుతుంది, ఇన్సర్ట్ మీట దాని ప్రధాన మీట. ముందు మౌసు తీసి పక్కన పెట్టి మొదలుపెట్టండి.

పరికరాల సాయం కోసం యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, అవసరం పడుతుంది. లేకపోతే వార్డు సచివాలయంలో అడిగి ముందు దరఖాస్తు చేయించండి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద, ఇలాంటి ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ద్వారా వాటిని ఇస్తారు. జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో శిబిరాల తేదీలు కనుక్కోవచ్చు. కార్డు, ఆధార్, ఆదాయ పత్రం, ఫొటోలు ఒకే సంచిలో సిద్ధంగా ఉంచుకోండి.

12. పన్నెండో తరగతి

ఈ రోజు మీరు ఆ ఇంటికి వెళ్లకండి, ఇంట్లోవారే అయితే బయటకు వెళ్లిపోండి. ఉదయం పదింటిలోపు వారే మీకు ఫోను చేయాలి, ఒక గొంతు సందేశం పంపాలి, మీరు పంపిన తెలుగు సందేశంలో చివరి మాట ఏమిటో చెప్పాలి.

మూడూ జరిగితే ఇక తరగతులు ఆపండి. ఏది జరగకపోతే ఆ ఒక్కదానికే మరో రెండు రోజులు పట్టండి. ఆ తర్వాత నెలకొకసారి వెళ్లి యాప్‌ల అప్‌డేట్ల వల్ల ఏ మీట చోటు మారిందో చూసి, మారినది తువ్వాలు కింద ముందు మీరు చేసి చూసుకుని, అప్పుడు చెప్పండి.